రోగికి స్పృహ ఎంత ఉంది? – నర్సింగ్ విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోతే, క్యాజువాల్టీలో సిస్టర్ రోగిని మూడు ప్రశ్నలు అడుగుతుంది. నీ పేరేమిటి? ఇప్పుడు ఎక్కడ ఉన్నావు? ఇది ఏ నెల? వెంట వెళ్ళిన మనకు ఇది వింతగా కనిపిస్తుంది. "ఇక్కడ రక్తం కారుతుంటే ఈమె నెల పేరు అడుగుతున్నదేమిటి" అని కోప్పడేవాళ్ళు ఉన్నారు. తొందరలో రోగి తరఫున మనమే జవాబులు చెప్పేస్తాం కూడా. కాని ఆ మూడు ప్రశ్నలూ పరీక్షలో భాగమే. స్టెతస్కోపు గుండెను విన్నట్టు, ఆ ప్రశ్నలు మెదడును వింటాయి.

నర్సింగ్ చదువుతున్న, చదవాలని అనుకుంటున్న మన పిల్లలకు ఈ పరీక్ష గురించి వివరంగా తెలియాలి. వాళ్ళను చదివిస్తున్న తల్లిదండ్రులకూ తెలియాలి. ఎందుకంటే ఈ పరీక్ష సరిగ్గా జరగాలంటే నర్సుకు తెలిసి ఉండవలసినవి కొన్ని, వెంట వచ్చినవాళ్ళు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మన భివండిలో ఈ రెండోది మరీ ముఖ్యం. దానికి కారణం మన సాంచాలలోనూ, మన భాషలోనూ ఉంది. ఆ సంగతి తరువాత వివరిస్తాం.

స్పృహ అంటే ఏమిటి?

మనం మామూలుగా "స్పృహ ఉంది", "స్పృహ తప్పింది" అని రెండే మాటలు వాడతాం. లైటు వెలిగినట్టు, ఆరినట్టు. వైద్యం దీన్ని అలా చూడదు. స్పృహలో రెండు అంశాలు ఉన్నాయి. ఒకటి మెలకువ, అంటే కళ్ళు తెరిచి ఉండడం, పిలిస్తే లేవడం. రెండోది ఎరుక, అంటే నేనెవరు, ఎక్కడ ఉన్నాను, ఎదుటివారు ఏమంటున్నారు అన్నది తెలియడం. మెలకువను నడిపించే భాగం మెదడు అడుగున, వెన్నుపాముకు పైన ఉండే మెదడు కాండంలో ఉంటుంది. ఎరుకకు పైనున్న పెద్ద మెదడు అవసరం. ఈ రెంటిలో ఏది దెబ్బతిన్నా స్పృహ తగ్గుతుంది. అది ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా దిగవచ్చు. ఆ మెట్లను లెక్కపెట్టడమే నర్సు పని.

మెదడు ఎముకతో చేసిన గట్టి పెట్టెలో ఉంటుంది. లోపల రక్తం కారినా, మెదడు వాచినా, ఆ పెట్టె సాగదు. ఒత్తిడి పెరిగి, మెదడు కిందికి నొక్కుకుపోతుంది. పైకి గాయం కనిపించకపోవచ్చు. బీపీ, నాడి చాలాసేపు మామూలుగానే ఉండవచ్చు. మొదట మారేది తరచుగా స్పృహే. అందుకే స్కానింగు యంత్రం లేని చోట కూడా, మంచం పక్కన నిలబడి శ్రద్ధగా చూసే నర్సు ప్రమాదాన్ని ముందుగా పసిగట్టగలదు.

ఇందులో మనవాళ్ళను ఎక్కువగా మోసం చేసేది ఒకటుంది. తలకు దెబ్బ తగిలి మనిషి పడిపోతాడు. కొద్దిసేపట్లో లేచి కూర్చుంటాడు, నీళ్ళు అడుగుతాడు, మాట్లాడతాడు. "ఏం కాలేదు, పడుకోనీ" అంటారు అందరూ. కణత దగ్గర ఎముక కింద ఉండే రక్తనాళం చిట్లితే, అక్కడ రక్తం నెమ్మదిగా గడ్డకడుతూ పోతుంది. కొన్ని గంటల తరువాత మనిషి మత్తుగా అయిపోతాడు, ఆ తరువాత పిలిచినా పలకడు. మధ్యలో బాగున్నట్టు కనిపించిన ఆ గంటలే ప్రాణం కాపాడగలిగిన గంటలు. మగ్గం నుంచి నాడె ఎగిరి తలకు తగిలినా, మాళిగ మెట్ల మీది నుంచి జారిపడినా, బండి మీది నుంచి పడినా, పదే పదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఎప్పుడూ లేనంత నిద్రమత్తు, పిచ్చి పిచ్చిగా మాట్లాడడం, ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడడం, ముక్కు లేదా చెవి నుంచి నీళ్ళలాంటి ద్రవం రావడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. మొదటి రోజంతా అలాంటి మనిషిని ఒంటరిగా వదలకూడదు.

గ్లాస్గో నుంచి వచ్చిన కొలత

1970ల వరకు డాక్టర్లు, నర్సులు స్పృహను మాటల్లోనే రాసేవారు. "మత్తుగా ఉన్నాడు", "సగం కోమా", "లోతైన కోమా" అని. ఒకరి సగం కోమా మరొకరికి మత్తు. పొద్దున డ్యూటీలో ఉన్నామె రాసింది చదివి, రాత్రి డ్యూటీకి వచ్చినామె రోగి బాగుపడ్డాడో, దిగజారాడో తేల్చుకోలేకపోయేది.

స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో నాడీ శస్త్రవైద్యులు గ్రహామ్ టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ ఈ చిక్కును తీర్చడానికి ఒక కొలతను తయారుచేసి, 1974లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అదే గ్లాస్గో కోమా స్కేల్. ఆసుపత్రి భాషలో జీసీఎస్. ఈ రోజు ప్రపంచమంతటా, మన భివండిలోనూ, వాడేది ఇదే. (గ్లాస్గో కూడా ఒకప్పుడు మనలాగే నేతవాళ్ళ ఊరు. అక్కడి కాల్టన్ పేటలోని నేత కార్మికులు కూలి తగ్గించినందుకు 1787లో సమ్మె చేస్తే సైన్యం కాల్పులు జరిపింది. ఆ చరిత్ర వేరే చెప్పుకోవలసినది.)

ఈ కొలతలో గొప్పతనం దాని సాదాతనమే. యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. మూడు విషయాలు చూడాలి: కళ్ళు, మాట, కదలిక.

కళ్ళకు 4 అంకెలు. దగ్గరికి వెళ్ళేసరికి రోగి తనంతట తానే కళ్ళు తెరిచి ఉంటే 4. పిలిస్తే తెరిస్తే 3. వేలి కొస మీద నొక్కితే తెరిస్తే 2. ఏం చేసినా తెరవకపోతే 1.

మాటకు 5 అంకెలు. తన పేరు, ఉన్న చోటు, నెల సరిగ్గా చెబితే 5. వాక్యాలు మాట్లాడుతున్నాడు కాని తికమకగా ఉన్నాడు, దవాఖానలో ఉండి సాంచాల దగ్గర ఉన్నానంటున్నాడు, అయితే 4. సంబంధం లేని విడి విడి మాటలు వస్తే 3. మూలుగు మాత్రమే వస్తే 2. ఏ శబ్దమూ లేకపోతే 1.

కదలికకు 6 అంకెలు. మూడింటిలో అతి విలువైనది, విద్యార్థులు ఎక్కువగా తడబడేదీ ఇదే. చెప్పిన పని చేస్తే 6. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. "నా వేళ్ళు పట్టుకో" అంటే రోగి పట్టుకున్నాడని 6 వేసేస్తారు చాలామంది. అరచేతిలో ఏది పెట్టినా బిగించి పట్టుకోవడం మెదడు దెబ్బతిన్నవారిలో తనంతట తాను జరిగే చర్య కావచ్చు. అందుకే పట్టుకున్న తరువాత "ఇప్పుడు వదిలెయ్" అనాలి. వదిలితేనే 6. లేదా నాలుక బయటపెట్టి, మళ్ళీ లోపలికి పెట్టమనాలి. చెప్పిన పని చేయకపోతే నొక్కి చూడాలి. మెడకూ భుజానికీ మధ్య కండను నొక్కినప్పుడు చెయ్యి మెడ ఎముక పైదాకా లేచి, ఆ నొప్పిని తీసెయ్యడానికి వస్తే 5. చెయ్యి చటుక్కున మడుచుకుని వెనక్కి లాక్కుంటే 4. మోచెయ్యి నెమ్మదిగా ఛాతీ మీదికి ముడుచుకుని, మణికట్టు వంగి, బొటనవేలు పిడికిలి లోపలికి పోతే 3. చెయ్యి మోచేతి దగ్గర చాచుకుపోయి బిగుసుకుంటే 2. కదలిక లేకపోతే 1. 4కూ 3కూ తేడా పుస్తకంలో బొమ్మ చూస్తే తెలియదు. అనుభవమున్న సిస్టర్ పక్కన నిలబడి చూడాలి. మొదట వచ్చిన కొలతలో కదలికకు 5 అంకెలే ఉండేవి. ఈ రెంటినీ విడదీసిన తరువాతే 6 అయ్యాయి.

రెండు చేతుల్లో ఏది మెరుగ్గా కదిలితే దాని అంకె వేస్తారు. అయితే రెండు పక్కలా తేడా ఉంటే ఆ సంగతి విడిగా రాయాలి. ఒక పక్క బలం తగ్గడం పెద్ద హెచ్చరిక. నొక్కేటప్పుడు ఒత్తిడిని నెమ్మదిగా పెంచుతూ 10 సెకన్లలోపు ఆపాలి. గిల్లడం, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దడం పాత అలవాట్లు. 2014లో ఈ కొలతను సవరించి చెప్పినప్పుడు ఛాతీ మీద రుద్దే పద్ధతిని వద్దన్నారు. "నొప్పి" అనే మాట బదులు "ఒత్తిడి" అనే మాట వచ్చింది కూడా అప్పుడే.

15కు 8 వస్తే పాసు కాదు

మూడూ కలిపితే పూర్తి స్పృహ 15. అన్నిటికంటే తక్కువ 3. సున్నా ఉండదు. పదో తరగతి లెక్క ప్రకారం 15కు 8 అంటే 53 శాతం, పాసైనట్టే. ఇక్కడ మాత్రం 8, అంతకు తక్కువ అంటే తీవ్రమైన స్థితి, సాధారణంగా కోమా. నాలుక వెనక్కి పడి, ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. గొట్టం వేయాలా అని డాక్టర్లు ఆలోచించే హద్దు అది. తలగాయాల్లో 9 నుంచి 12 వరకు మధ్యస్థం, 13 నుంచి 15 వరకు తేలిక అని లెక్క. "తేలిక" అన్న మాటను కూడా పూర్తిగా నమ్మకూడదు. పైన చెప్పిన మోసపు గంటల్లో రోగికి 15 రావచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. మొత్తం అంకె ఒక్కటే రాస్తే సగం సమాచారం పోతుంది. ఇద్దరు రోగులకు 12 వచ్చిందనుకుందాం. ఒకరికి కళ్ళు 4, మాట 2, కదలిక 6. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాడు, చెప్పింది చేస్తున్నాడు, మాట మాత్రం మూలుగుగానే వస్తున్నది. పక్షవాతంలో మాట పడిపోయి ఉండవచ్చు. మరొకరికి కళ్ళు 3, మాట 4, కదలిక 5. ఆయన మత్తుగా ఉన్నాడు, తికమకగా ఉన్నాడు, చెప్పింది చేయడం లేదు. ఇద్దరి జబ్బు వేరు, దారి వేరు. కాబట్టి ఎప్పుడూ మూడు అంకెలూ విడివిడిగా, చూసిన సమయంతో సహా రాయాలి. చూడడానికి వీలుకాని దానికి 1 వేయకూడదు. నోట్లో గొట్టం ఉన్నవాడు మాట్లాడలేడు, కళ్ళు వాచి మూసుకుపోయినవాడు తెరవలేడు. అక్కడ "పరీక్షించలేకపోయాం" అని, కారణంతో రాయాలి. 1 అంటే "చూశాం, స్పందన లేదు" అని అర్థం.

కళ్ళు తెరిచి ఉన్నంతమాత్రాన ఎరుక ఉన్నట్టు కాదన్న సంగతి ముంబయి నర్సులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. పరేల్‌లోని కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరు 27న దాడి జరిగింది. గొంతు బిగించడంతో మెదడుకు ప్రాణవాయువు అందలేదు. గ్లాస్గో కొలత వెలువడింది ఆ మరుసటి ఏడాదే. ఆమె 2015 మే 18న మరణించేదాకా, దాదాపు 42 ఏళ్ళు అదే ఆసుపత్రిలో ఉంది. ఆమెకు మెలకువ, నిద్ర ఉండేవి, ఎరుక మాత్రం తిరిగి రాలేదని వైద్యులు తేల్చారు. తరాలు మారినా అక్కడి నర్సులు ఆమెకు తినిపించి, స్నానం చేయించి, కంటికి రెప్పలా చూసుకున్నారు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఆమె తిండి ఇష్టాయిష్టాల గురించి, ముఖంలో కనిపించే మార్పుల గురించి ఆసుపత్రి సిబ్బంది చెప్పిన మాటలు నమోదయ్యాయి. ఆమె తరఫున మాట్లాడదగినవారు ఆ సిబ్బందేనని కూడా కోర్టు అన్నది. ఒక రోగి స్పృహ గురించి మంచం పక్కన నిలబడినవారి మాటకు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన విలువ అది.

మన చెవి, మన భాష

ఇప్పుడు భివండి సంగతికి వద్దాం. పైన చెప్పిన కొలతలో కళ్ళు, మాట, కదలిక మూడూ రోగి మన మాట వినడం మీద, అర్థం చేసుకోవడం మీద ఆధారపడి ఉన్నాయి. సాంచాల షెడ్డులో శబ్దం సాధారణంగా 90 డెసిబెల్స్ దాటి ఉంటుంది. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం రోజుకు 8 గంటల పనికి ఉన్న హద్దు అదే 90. మనవాళ్ళు 12 గంటల పాళీలు, అదీ 20, 30 ఏళ్ళు చేసినవాళ్ళు. షెడ్డులో సైగలతోనే మాటలు నడుస్తాయని మనందరికీ తెలుసు. ఈ శబ్దం వల్ల వచ్చే చెవుడు మొదట సన్నని స్వరాలను, హల్లులను మింగేస్తుంది. గొంతు వినిపిస్తుంది కాని మాట తెలియదు. అలాంటి 55 ఏళ్ళ మనిషిని సిస్టర్ సన్నని గొంతుతో "బాబా, ఆంఖే ఖోలో" అని పిలిచిందనుకోండి. ఆయన వినలేదు. వేలు నొక్కితే కళ్ళు తెరిచాడు. 3 రావలసిన చోట 2 పడింది. ఆయన మెదడుకు ఏమీ కాలేదు, చెవి వినలేదంతే. దీనికి మందు సులభం. మంచి చెవి ఏదో అడిగి, దాని దగ్గరగా వంగి, నిదానంగా, కొంచెం బొంగురు గొంతుతో పిలవాలి. కీచుగా అరిస్తే ఇంకా తెలియదు. ముఖం కనిపించేలా నిలబడి, నాలుక చాపి చూపించి సైగ చేయవచ్చు. చెవి సంగతి చార్టు మీద రాసిపెడితే తరువాత వచ్చే సిస్టర్ మళ్ళీ మోసపోదు.

భాషది ఇంకా పెద్ద చిక్కు. పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో ఉండే మన పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, తెలుగు తప్ప మరో భాష సరిగ్గా రానివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కండెలు చుట్టుకుంటూ, ఇంట్లోనే, మన బస్తీలోనే బతుకంతా గడిచింది. వచ్చే నాలుగు హిందీ ముక్కలు కూడా దెబ్బ తగిలిన కంగారులో పోతాయి. చిన్నప్పటి భాషే మిగులుతుంది. ఆమెను మరాఠీలో నెల పేరు అడిగితే తెలుగులో ఏదో అంటుంది. తెలుగు రాని సిస్టర్‌కు అది అర్థం లేని మాటలా వినిపిస్తుంది. సరిగ్గా 5 రావలసిన మనిషికి 3 గాని 2 గాని పడుతుంది. దీనికి ఆ సిస్టర్‌ను తప్పుపట్టలేం. దీని ఎదురు తప్పు కూడా అంతే ప్రమాదం. "వీళ్ళకు మన భాష రాదు, అందుకే చెప్పింది చేయడం లేదు" అనుకుని, నిజంగా స్పృహ తగ్గుతున్న మనిషిని వదిలేయడం.

ఇక్కడ వెంట వచ్చినవాళ్ళు చేసే ఒక పని గురించి చెప్పాలి. కొడుకు పక్కన నిలబడి అనువాదం చేస్తాడు. తల్లి "బియ్యం... సాంచ బంద్ పెట్టు..." అని ఏదో అంటుంది. కొడుక్కి బాధ, కొంచెం సిగ్గు. "దవాఖానలో ఉన్నానంటున్నది" అని సర్ది చెబుతాడు. ప్రేమతో చేసిన ఈ సర్దుబాటు వల్ల మాటకు 3 రావలసిన చోట 5 పడుతుంది. అనువదించేవాళ్ళు రోగి అన్నమాటను అన్నట్టుగానే, అర్థం లేకపోయినా సరే, చెప్పాలి. అర్థం లేకపోవడమే అక్కడ అసలు సమాచారం. రోగికి జవాబు అందించకూడదు. "అమ్మా, ఇది దవాఖానే కదా?" అని అడిగితే తల ఊపుతుంది. ఆ ఊపు లెక్కలోకి రాదు.

మన తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పెద్దమనిషిని ఆయన భాషలోనే అడగాలి. "నీ పేరేంది? గిప్పుడు ఏడున్నవ్? గిది ఏ నెల?" ఆగస్టులో అడిగితే "శ్రావణం" అనవచ్చు. అది సరైన జవాబే. తెలుగు పంచాంగం, మరాఠీ పంచాంగం రెండింటిలోనూ నెలలు అమావాస్యకే ముగుస్తాయి కాబట్టి మన శ్రావణం, వాళ్ళ శ్రావణం ఒకే రోజు మొదలవుతాయి. మరాఠీ సిస్టర్‌కు కూడా ఆ మాట ఇట్టే తెలుస్తుంది. "దవాఖాన" కూడా అంతే, మూడు భాషల్లోనూ ఒకటే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరిగిన మన అమ్మాయి అదే వార్డులో నర్సుగా ఉంటే ఈ చిక్కులు చాలావరకు ఉండవు. మూడు భాషలు రావడం మన పిల్లలు గొప్పగా చెప్పుకోని గొప్ప. నర్సింగ్‌లో దానికి ఉన్న విలువ మరే వృత్తిలోనూ లేదని మా అభిప్రాయం.

మద్యం వాసన, చక్కెర

రాత్రి పాళీ దిగి వస్తూ దారిలో పడిపోయి దొరికిన మనిషి దగ్గర మద్యం వాసన వస్తే, "తాగి పడిపోయాడు, పొద్దుటికి దిగుతుంది" అని తేల్చేస్తారు. తాగినవాడి తలకు దెబ్బ తగలదని ఎక్కడా లేదు, పైగా తగిలే అవకాశమే ఎక్కువ. వాసన వచ్చినా స్పృహ తగ్గడానికి వేరే కారణం లేదని తేలేదాకా దాన్ని మత్తుగా కొట్టేయకూడదు. చక్కెర జబ్బుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళలో చక్కెర బాగా పడిపోతే కూడా అచ్చం తాగినట్టు, పక్షవాతం వచ్చినట్టు కనిపిస్తారు. అందుకే స్పృహ తగ్గిన ప్రతి రోగికీ వేలి కొన నుంచి ఒక చుక్క రక్తం తీసి చక్కెర చూడడం నర్సు మరవకూడని పని. నిమిషంలో తెలిసిపోతుంది, వెంటనే సరిచేయవచ్చు. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో మాత్రం చక్కెర నీళ్ళు, టీ, ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర చెప్పు, ఉల్లిగడ్డ పెట్టడం వల్ల ఉపయోగం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎంతసేపు వచ్చిందో గడియారం చూడడం మేలు.

అంకెలతోపాటు నర్సు కంటిపాపలను టార్చితో చూస్తుంది. రెండూ ఒకేలా ఉన్నాయా, వెలుతురుకు చిన్నవవుతున్నాయా అని. ఉన్నట్టుండి ఒకటి పెద్దదై వెలుతురుకు కదలకపోతే అది అత్యవసరం. పురుగుమందు తాగినవారిలో చాలాసార్లు రెండూ సూదిమొనంత అయిపోతాయి. పెద్దవారికి శుక్లాల ఆపరేషన్ అయి ఉంటే పాప ఆకారం ముందునుంచే తేడాగా ఉండవచ్చు. ఇది ఇంటివాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

ఒక్క అంకె కంటే వరుస ముఖ్యం

ఒకసారి చూసి రాసిన అంకె ఫొటో లాంటిది. అసలు కథ మార్పులో ఉంటుంది. తలగాయమైన రోగిని 15 వచ్చేదాకా ప్రతి అరగంటకు చూడాలని ఇంగ్లండు మార్గదర్శకాలు చెబుతాయి. 15 వచ్చిన తరువాత రెండు గంటలు అరగంటకోసారి, ఆపై నాలుగు గంటలు గంటకోసారి, తరువాత రెండు గంటలకోసారి. ఒక్క అంకె తగ్గి అరగంట అలాగే ఉన్నా డాక్టర్‌ను పిలవాలి. అది కదలికలో తగ్గితే మరింత తొందర. కొత్తగా గింజుకోవడం, అల్లరి చేయడం కూడా ఇందులోకే వస్తుంది. నిద్రపోతున్నాడు కదా అని రాత్రి రెండు గంటలకు లేపకుండా చార్టులో పాత అంకెలే దింపడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద దోషం. సిస్టర్ లేపితే ఇంటివాళ్ళు "పాపం పడుకోనీయమ్మా" అనకూడదు.

పలు దేశాల్లో నర్సుల మీద జరిగిన పరిశీలనల్లో తరచుగా కనిపించినది ఒకటుంది. కొలతలో ఎన్ని భాగాలు, ఎన్ని అంకెలు అని అడిగితే చాలామంది సరిగ్గానే రాస్తారు. ఒక రోగిని వర్ణించి, ఇతనికి ఎంత వేస్తారు అని అడిగినప్పుడు తడబడతారు. అంటే లోపం కంఠస్థం చేయడంలో కాదు, మంచం పక్కన నేర్చుకోవడంలో ఉంది.

భివండిలో ఈ తేడా బరువు ఎక్కువ. తీవ్రమైన తలగాయాలను ఇక్కడి నుంచి ఠాణేకు, అక్కడి నుంచి ముంబయిలోని సయన్, కేఈఎం, జేజే ఆసుపత్రులకు పంపడం మనకు తెలిసినదే. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పటేల్ కాంపౌండులో జిలానీ భవనం కూలి దాదాపు నలభై మంది చనిపోయినప్పుడు, శిథిలాల నుంచి ఒక్కొక్కరినే బయటికి తీస్తూ ఉంటే, ఎవరిని ముందు పంపాలి అన్నది నిర్ణయించవలసి వచ్చే పరిస్థితి ఎలా ఉంటుందో ఊరంతా చూసింది. ఒక చోటి నుంచి మరో చోటికి పోయే రోగితో చిట్టీ పోతుంది. ఆ చిట్టీలో "మత్తుగా ఉన్నాడు" అని ఉంటే అవతలి డాక్టర్‌కు ఏమీ తెలియదు. "9 గంటల 10 నిమిషాలకు కళ్ళు 3, మాట 4, కదలిక 6. 10 గంటలకు కళ్ళు 2, మాట 2, కదలిక 5. కుడి చెవి వినదు, తెలుగు మాత్రమే వచ్చు" అని ఉంటే, గంటలోపు నాలుగు అంకెలు పడిపోయాయని చదివిన క్షణంలో తెలుస్తుంది. స్కానింగ్ వరుసలో ఆ రోగి ముందుకు వస్తాడు.

తల్లిదండ్రులు ఆసుపత్రికి పోయేటప్పుడు ఈ నాలుగు ముక్కలు చెప్పగలిగితే చాలు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు, ఏ భాష మాట్లాడతాడు, ఏ చెవి వినదు, చక్కెరకు, బీపీకి, రక్తం పలచబడడానికి ఏ మందులు వాడుతున్నాడు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి కాబట్టి "చివరిసారి బాగున్న సమయం" చాలా విలువైనది. 108 అంబులెన్సు మహారాష్ట్రలో 2014 నుంచి ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2005లోనే మొదలైంది కనుక ఊళ్ళోని బంధువులకు బాగా అలవాటే.

ఇక చదువు సంగతి. జీఎన్‌ఎం మూడేళ్ళు, ఇంటర్ ఏ గ్రూపువాళ్ళయినా చేరవచ్చు, సైన్సువాళ్ళకు ప్రాధాన్యం. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషుతో ఇంటర్ పాసై ఉండాలి, ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఏటా వచ్చే ప్రకటన చూసుకుని, కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో విచారించుకున్న తరువాతే ఫీజు కట్టాలి. ఇందులో తొందరపడి మోసపోయినవాళ్ళు ఉన్నారు.

చేరిన విద్యార్థినులు మొదటి ఏడాదినుంచే ఒక అలవాటు చేసుకోవచ్చు. వార్డులో రోజుకు ఒక్క రోగిని ఎంచుకుని, సీనియర్ సిస్టర్ వేసిన అంకెలు చూడకముందే మీ మూడు అంకెలు చిన్న నోటు పుస్తకంలో రాయండి. రోగి అన్నమాటను ఏ భాషలో అన్నాడో ఆ భాషలోనే, తెలుగు లిపిలో, పక్కన రాయండి. తరువాత ఆమె అంకెలతో పోల్చి, తేడా వచ్చిన చోట ఎందుకు వచ్చిందో ఆమెనే అడగండి. కదలికలో 4, 3 దగ్గరే ఎక్కువసార్లు తేడా వస్తుంది.